ఉప్పుమెట్ల దగ్గర రెండో పిలుపు

సాండ్‌వికెన్ రేవులో నీళ్ళలోకి దిగే ఉప్పుమెట్ల దగ్గర చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు. పొగమంచు దిగిందంటే చాలు, అక్కడ ఒక ఆడగొంతు "ఆఁ... వస్తున్నా!" అంటుందట. పిలిచినవాళ్ళు మాత్రం ఎవరూ కనపడరు.

హెర్రింగ్ చేపల గోదాంలో పీపాలు దొర్లించే హాల్వార్డ్‌కి ఇలాంటివంటే నవ్వు. అయినా ఒక పట్టింపు వాడికీ ఉంది. నీళ్ళవైపు నుంచి పిలుపొస్తే మూడోసారికి గానీ పలకకూడదు. సముద్రంలో పోయినవాడి దెయ్యం రెండుసార్లే పిలవగలదట. మూడోసారీ పిలిస్తేనే మనిషి. ఆ రేవులో పిల్లలకి నడకతోపాటే నేర్పుతారు ఈ మాట.

నవంబరు నెల. నాలుగింటికే చీకటి. కొండ మీంచి దిగిన మంచులో గోదాములే కనపడటం లేదు. అడ్డదారి కదా అని హాల్వార్డ్ ఉప్పుమెట్ల మీదుగా ఇంటికి బయల్దేరాడు. పాచి మీద కాలు జారింది — అంతే, నీళ్ళలో ఉన్నాడు.

"ఎవరైనా...!"

పైన ఎవరివో అడుగుల చప్పుడు ఆగింది... ఆగి, దూరంగా పరుగందుకుంది.

"ఎవరైనా...!"

రెండయ్యాయి. నోట్లో ఉప్పునీళ్ళు, ఊపిరి లేదు. మూడోది రాదు. మూడోది రాకపోతే ఎవరూ రారు. అయిపోయానురా దేవుడా అనుకున్నాడు.

"ఆఁ... వస్తున్నా!"

అమ్మో, అదే గొంతు! మంచులోంచి కొక్కెం కర్ర ఒకటి దిగి కోటు కాలరు పట్టి లాగింది. ఎలాగో మెట్ల మీదికి పాకాడు. లాంతరు ముఖం దగ్గరికొచ్చింది.

"నువ్వా..." అంది, ఉసూరుమంటూ.

వలలు అల్లే ముసలి గున్‌వోర్! ముప్ఫై ఏళ్ళ కిందట మొగుడు షూర్‌ని సముద్రంలో పోగొట్టుకున్న మనిషి.

"అమ్మమ్మా... రెండుసార్లేగా పిలిచాను. దెయ్యమనుకోలేదూ?"

"ఆయనా రెండుసార్లే పిలిచాడురా" అంది. "ఇక్కడే, ఈ మెట్ల కిందే. మూడోదాని కోసం చెవులు రిక్కించి కూచున్నా. పాడు పద్ధతి! తెల్లారి శవమై తేలాడు. అప్పట్నుంచి ఏ చప్పుడు వినపడ్డా పలుకుతా. దెయ్యమై వచ్చినా సరే, వస్తే చాలు నాయనా."

హాల్వార్డ్‌కి ఏడుపు ఆగలేదు.

గున్‌వోర్ ఉన్నట్టుండి నీళ్ళవైపు తిరిగింది. "అదిగో... విన్నావా?"

వాడికేమీ వినపడలేదు. అయినా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, పళ్ళు టకటకలాడుతుంటే, మంచులోకి అరిచాడు.

"షూర్ తాతా... వస్తున్నాం!"