కిటికీ అవతలి కొవ్వొత్తి

పొద్దున్నే దొమ్నిక పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కలుపుతోంది. పక్కగదిలో ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. ఆ చప్పుడు వినబడుతోందంటే అమ్మ ఉన్నట్టే లెక్క. అలాంటిది ఉన్నట్టుండి ఆగిపోయింది.

కరెంటు పోయిందా అని చూస్తే వంటింట్లో బల్బు వెలుగుతూనే ఉంది. గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది.

సవేత మంచం మీద లేచి కూర్చుంది. ముక్కు దగ్గరి గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక చేతిలో తేనెమైనం కొవ్వొత్తి, రెండో చేతిలో అగ్గిపెట్టె. పెదాలు అప్పుడే నీలం తిరుగుతున్నాయి.

"అమ్మా! నీకేమైనా మతి పోయిందా?" దొమ్నిక అగ్గిపెట్టె లాక్కుని, మిషన్ వేసి, గొట్టం సర్దింది. "దుప్పట్లో, తలగడలో కూడా ఆక్సిజన్ పట్టి ఉంటుందని నర్సు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది కదా! ఒక్క రవ్వ పడితే చాలు, ఇద్దరం బుగ్గయిపోతాం!"

"అందుకే... మిషన్ ఆపానుగా," సవేత ఊపిరి కూడదీసుకుంటూ అంది.

"ఆపి? ఊపిరాడక పోదామనా?"

"ఎలాగూ పోయేదాన్నే. వెలుగుతో పోతాను."

"ఇవి నీకెవరు తెచ్చిచ్చారు?"

"నేనేనే తల్లీ." పాలు పోయడానికి వచ్చిన పక్కింటి పరాస్క గుమ్మంలో నిలబడి ఉంది. "అడిగింది. కాదనలేకపోయాను."

"నువ్వా పిన్నీ! మా అమ్మని బతికుండగానే కాల్చేద్దామనుకున్నావా? వెళ్ళు! ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!"

పరాస్క వెనుదిరిగింది.

ఆ ఊళ్ళో ఎంత గొడవ జరిగినా పగవాణ్ణి కూడా తిట్టని తిట్టు ఒకటుంది: "కొవ్వొత్తి లేకుండా పోతావు!" అని. ఆఖరి ఘడియలో చేతి దగ్గర వెలుగు లేకపోతే ఆత్మకి దారి దొరకదని, చీకట్లో తడుముకుంటూనే ఉంటుందని అక్కడివాళ్ళ నమ్మకం.

"ఆ తిట్టు నాకే తగిలేట్టుంది," అని సవేత ఏడ్చింది. "అంత పాపం ఏం చేశానే నేను?"

ఊపిరి ఇస్తే వెలుగు లేదు, వెలుగు ఇస్తే ఊపిరి లేదు. కూతురన్నది ఎందుకు మరి? దొమ్నిక మంచం పక్కన కూలబడి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుంటుంటే కిటికీ కనబడింది. మూసిన అద్దాలు. అవతల పెరటి వైపు మంచు పట్టిన రాతి గట్టు.

తల్లి చేతిలోని కొవ్వొత్తి అలాగే వదిలేసి, దేవుడి పటం దగ్గరున్న ఇంకోటి తీసుకుంది. ఖాళీ ఊరగాయ సీసాలో ఇసుక పోసి, అందులో దాన్ని నిలబెట్టి, కోటు కూడా వేసుకోకుండా పెరట్లోకి నడిచింది. సీసాని గట్టు మీద పెట్టి వెలిగించింది.

లోపల సవేత తన కొవ్వొత్తిని మెల్లగా పైకెత్తింది. అటూ ఇటూ కదిపి, అవతలి మంట సరిగ్గా తన వత్తి మీద నిలిచినట్టు కనబడేదాకా చూసుకుంది. కనబడగానే మొహం విప్పారింది.

దొమ్నిక వణుకుతూ లోపలికొచ్చింది.

"చూశావా? నాదే వెలిగింది!"

"ఆ ఘడియ ఎప్పుడొచ్చినా పరుగెత్తి వెలిగిస్తానమ్మా. ఒట్టు."

సవేత నవ్వు మాయమైంది. "నువ్వు బయటుంటే నా చెయ్యి ఎవరు పట్టుకుంటారే?"

ఇంత చేసినా చివరికి ఇదేనా? ఏం తోచక దొమ్నిక వీధి తలుపు తీసి చూసింది. పరాస్క వాకిట్లోనే ఉంది, పాలచెంబు చంకలో పెట్టుకుని, వెళ్ళలేక.

"పిన్నీ..."

"ఏమిటే, తిట్టింది చాల్లేదా?"

"ఆ ఘడియ వచ్చినప్పుడు బయట నిలబడి నువ్వు వెలిగిస్తావా? నేను అమ్మ చెయ్యి వదల్లేను. నన్ను క్షమించు పిన్నీ."

"ఈ మంచులోనా? నా మోకాళ్ళేం కావాలనే?" అంది పరాస్క, ముక్కు చీదుకుంటూ. ఆ మాట అంటూనే అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచింది.