బట్ట కప్పిన బోర్డు కాడ

నిజాంపురాల బట్ట నేసే సాంచల సందు పెద్ద రోడ్డుకు కలిసే మలుపు లేదా... పొద్దుమీకినంక దాని పేరే ఎవ్వలు ఎత్తరు. డబల్ కిరాయి ఇస్తనన్నా ఆటోవాలాలు "నకో భాయ్" అని బండి మలుపుకుంటరు. ఎందుకంటరా? ఆడ మిలిట్రీ హనుమాండ్లు నిలవడ్తడట... తెల్లగ... చెయ్యి ఊపుకుంట.

హనుమాండ్లు గా సందుల పుట్టి పెరిగిన పిలగాడే. తల్లి వెంకవ్వ కార్ఖానల నూలు కండెలు చుట్టి సాదింది. కొన్నొద్దులు సాంచ నడిపిండు, ఎనుక ఫౌజుల చేరిండు. పోయినేడు మంచుకొండల మీద కాపలా కాస్త కాస్తనే పానం ఇడిసిండు. జెండా కప్పిన పెట్టె వచ్చిన నాడు సందుల సాంచలన్ని బందువెట్టిన్రు.

ఆ రోడ్డు ముక్కకు వాని పేరు పెడ్తమని బోర్డు పాతిన్రు. పెద్దమనిషి వచ్చి తెర తీసేదాక ఎవలు చూడొద్దని, కార్ఖానల నేసిన తెల్ల బట్టనే కప్పి తాడుతోని కట్టిన్రు. గింతల్నే ఎలక్షన్లొచ్చె. కోడ్ అన్నరు. పెద్దమనిషి రాలే, బట్ట తియ్యలే. నెలలకు నెలలు గట్లనే ఉండె.

ఇగ దెయ్యాన్ని మొదాలు చూసినోడు అంకుశం. హనుమాండ్లు పక్క సాంచ మీద పనిచేసిన దోస్తు. ఫౌజుకు పోయేనాడు, "మా అవ్వను జర అరుసుకోరా" అని వాడు చేతుల చెయ్యి వేయించుకున్నడు.

"గది నువ్వు చెప్పాల్నా?" అన్నడు అంకుశం.

పెట్టె వచ్చిన నాడు పోయిందే... మల్ల ఆమె గడప తొక్కితే ఒట్టు! ఇయ్యాల, రేపు అనుకుంట ఏడాది గడిపిండు. ఇగ ఏ మొఖం వెట్టుకోని పోవాలె?

ఆ రాత్రి షిఫ్టుకు పోతున్నడు. మలుపు కాడికి రాంగనే — కరెంటు పోయింది. సాంచలన్ని ఒక్కపారి ఆగినయి. మనకు చప్పుడైతే భయం. సాంచలోళ్ళకు చప్పుడు ఆగితెనే గుండె గుభేలుమంటది. చీకట్ల... మనిషెత్తు... తెల్లటిది... మెల్లగ కదిలింది.

చెప్పులు ఆడ్నే ఇడిసి ఉరికిండు. యమునాబాయి చాయ్ దుకాణం ముందట పడి, "హనుమాండ్లు... హనుమాండ్లు..." అన్నడు, అంతే.

తెల్లారి చెప్పుల కోసం పోతే ఏముంది? తాడు వదులై గాలికి ఊగుతున్న బట్ట! నవ్వుకోని నలుగురికి చెప్తే అయిపోవు. కని దుకాణం కాడ అప్పటికే పదిమంది జమైన్రు. పిరికోడు అనిపించుకోవాల్నా? నోరు జారిందంటే అబద్ధమైతది — తెలిసే అన్నడు.

"నన్ను పిలిచిండే. పోగు తెగింది రా అని సైగ చేసిండు."

సాంచల మోతల మాట వినవడదు గద, అందరివి చేతి సైగలే. చెయ్యి లేపి, రెండు వేళ్ళు ఎడం చేసి, తనదిక్కు గుంజుకుంటే — పోగు తెగింది, రా అని. ఆ మాట చెప్పినంక ఇగ ఎవలు నమ్మరు? సందంత గుప్పుమంది. అమరుని రోడ్డు కాస్త దెయ్యం మలుపైంది.

అంకుశానికి అన్నం సయించలే. తల్లి చెవుల పడితే ఎట్ల? దేశానికి పానమిచ్చిన కొడుకును దెయ్యాన్ని చేస్తివి గదరా అంటే? నెలదినాలు లోపల్లోపల కుమిలిండు. ఆఖరికి ఒక జుమ్మా రాత్రి లేచిండు. బట్ట ఊడబెరికి, తెల్లారి అందరి ముందట తప్పు ఒప్పుకుందామని.

జుమ్మా అంటే శుక్రారం, సాంచలు బందుండే సుట్టి దినం. చీమ చిటుక్కుమన్నా వినవడ్తది. మలుపు కాడికి పోయి తాడు మీద చెయ్యి వేసిండో లేదో —

బోర్డు ఎనుక నుంచి ఇంకో చెయ్యి లేచింది. రెండు వేళ్ళు ఎడమైనయి. మెల్లగ... మెల్లగ... తనదిక్కు గుంజుకున్నయి.

పోగు తెగింది. రా.

అంకుశం తాడు పట్టుకోని ఆడ్నే నిలవడ్డడు.

"హనుమాండ్లు... తప్పయిందిరా... మీ అవ్వ కాడికి పోలేదురా..."

"ఎవలు? అంకుశమా?"

ముసలి గొంతు! బోర్డు ఎనుక గద్దెకు ఆనుకోని, నెత్తిన కొంగు కప్పుకోని కూసున్నది — వెంకవ్వ.

"పెద్దమ్మా! ఈడేం చేస్తున్నవే?"

"మా హనుమాండ్లు వస్తున్నడంట గద బిడ్డ. అందరు అనవట్టిరి. నెల సంది దినాం రాత్రి వచ్చి కూసుంటున్న. సైగ చేస్తడన్నరు, నేను సుత చేస్తున్న... వానికది నేర్పిందే నేనాయె. ఒక్కనాడన్న కనవడ్తలేడు." ఆమె వాని చెయ్యి పట్టుకుంది. "నీకు కనవడ్డడు గద. ఎటుదిక్కు నిలవడ్డడు? మొఖం మంచిగుండెనా? ఆ పెట్టె తెరవనియ్యలే బిడ్డ... నేను చూడనే లేదు."

అంకుశానికి భూమి చీలితే అండ్ల పడిపోవాలనిపించింది.

"అబద్ధం పెద్దమ్మ. గాలికి ఊగిన బట్ట. నవ్వుతరని... నేనే పుట్టిచ్చిన."

అయినా ఆమె వాని చెయ్యి మాత్రం ఇడువలే. గుసగుసగ అన్నది —

"గట్లైతే గట్లనే గని... ఇయ్యాల్టికి అబద్ధమే చెప్పు బిడ్డ. ఎటుదిక్కు నిలవడ్డడు?"

అంకుశం చెయ్యి లేపి బోర్డు పక్కన చీకటిని చూపిండు.

"గీడ్నే... ఫౌజు డ్రెస్సు మీద ఉండె. మొఖం మంచిగనే ఉండె పెద్దమ్మ... నవ్విండు."

చెప్పుకుంట చెప్పుకుంట బొరబొర ఏడ్చి ఆమె పక్కన్నే కూలవడ్డడు. తెల్లారేదాక లేవలే. ఆనాటి సంది జుమ్మా రాత్రయితే ఆమె పక్కకే వచ్చి కూసుంటడు.

ఎలక్షన్లైపోయినయి. పెద్దమనిషి వచ్చి తెర తీసిండు, చప్పట్లు కొట్టిన్రు, ఫోటోలు దిగిన్రు. బట్ట పోయింది గని దెయ్యం పోలే. ఆటోవాలాలు పిల్లల మీద ఒట్టువెట్టి చెప్తున్నరు — ఇప్పుడు ఒక్కటి కాదంట, రెండంట, చెయ్యి చెయ్యి పట్టుకోని బోర్డు కింద కూసుంటున్నయంట. యమునాబాయి దుకాణం కాడ చాయ్ తాగుకుంట అంకుశం సుత వింటడు. కాదనడు.