పడవదిబ్బ మీద మొలతాడు

నౌపడ ఉప్పుమడుల నడుమ పడవదిబ్బ అని ఒకటుంది. పొద్దు గూకాక ఆ దిబ్బ మీదుగా కాకి కూడా ఎగరదు. మొండికేసి ఎగిరిన కాకి ఒకటి గూటికి చేరి వారం రోజులు జ్వరంతో మూలిగింది. నమ్మరా? ఇందులో ఆవగింజంత అబద్ధమున్నా నౌపడ ఉప్పంతా చప్పబడిపోవాలి!

అక్కడి దెయ్యం కనబడదు. నవ్వదు. ఏడవదు. లాగుతుంది... అంతే. వెనక నుంచి.

ఉప్పు మోసే ఆడవాళ్ళ కొంగు లాగింది. కాపలావాడి కండువా లాగింది. చీకట్లో గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్న కూలీ ఒకడి కేరియర్ పట్టుకుని ఎంత గట్టిగా లాగిందంటే — ముందుచక్రం గుర్రం కాళ్ళలా గాల్లోకి లేచింది! వాడు సైకిలు అక్కడే పారేసి, పూండి ఊరు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. తెల్లారి నలుగురూ వెళ్ళి చూశారు. సైకిలుంది. దాని ముందు గట్టే లేదు. కోసుకుపోయి, అడుగున నల్లటి నీళ్ళు.

"సూసినారా! గట్టునే మింగీసినాది," అని గుండెలు బాదుకున్నారు జనం.

ఇంతకీ ఆ పేరెలా వచ్చిందంటే... కొన్నేళ్ళ కిందట పెద్ద తుఫాను రాత్రి సముద్రం ఊళ్ళ మీద పడింది. పోతూ పోతూ ఆ దిబ్బ మీద ఒక పడవని బోర్లా వదిలేసిపోయింది. అది జాలరి జోగయ్య పడవ. దాన్ని కాలవలోకి తీసుకుపోయి కట్టేసి వస్తానని వెళ్ళినవాడు అతని బామ్మర్ది కొండబాబు. పడవ దొరికింది. కొండబాబు దొరకలేదు.

దాంతో, లాగేది కొండబాబే అన్నారు. తోడు కోసం నీళ్ళలోకి లాక్కుంటున్నాడన్నారు.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతని అక్క తవిటమ్మకి గొంతులో ముల్లు దిగినట్టుండేది. ఆమె జోగయ్య పెళ్ళాం. నెత్తిన చేపలగంప, నోట్లో సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషి. ఈ ఒక్క మాటకి మాత్రం సమాధానం దొరక్క తల దించుకుని పోయేది. తుఫాను తర్వాత ఆ దిబ్బ మీద కాలు పెట్టలేదు.

ఈ ఏడు వేసవిలో ఆ దిబ్బ మీదికి ఎగ్జిబిషన్ వచ్చింది. జాగా చవగ్గా దొరికిందని దిగిపోయారు పాపం, దాని చరిత్ర తెలియనివాళ్ళు. జెయింట్ వీలు, మిరపకాయ బజ్జీలు, అన్నిటికీ మించి — రోలర్ కోస్టర్! నాలుగు తాటిచెట్ల ఎత్తు. ఊళ్ళో కొందరు రెండే అంటారు. వాళ్ళు కింద నుంచి చూసినవాళ్ళు.

ఉత్త రోలర్ కోస్టర్ కాదు. కూర్చున్నవాడి కళ్ళకి నల్లడబ్బా ఒకటి కడతారు, చెవులకి దొప్పలు తొడుగుతారు. బండి పోయేది పట్టాల మీద, డబ్బాలో కనిపించేది నడిసముద్రం. బండి ఒరిగితే పడవ ఒరుగుతుంది. బండి దూకితే పడవ కెరటం మీంచి దూకుతుంది. దాన్ని వీఆర్ అంటారట.

టీకొట్టు దగ్గర ఈశ్వర్ అనేవాడు నిప్పు రాజేశాడు.

"జోగయ్య బావా, నువ్వు సముద్రం మీద పులివే. పడవదిబ్బ మీద ఆ బండెక్కగలవేటి?"

జోగయ్యని అనదగిన మాటేనా అది? సొరచేపకి చెంపదెబ్బ కొట్టి, రెండో చెంప ఎటుందా అని వెతికినవాడు జోగయ్య! గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఒరే! మా బామ్మర్దికి బయపడి నాను ఒడ్డున కూకుంతానేటి? ఈ రేత్రే ఎక్కుతాను!"

ఇంటి దగ్గర తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎల్లకు మావా. ఆ సోటు మంచిది కాదు."

"నీ తమ్ముడే కదే ఉన్నాడు అక్కడ? సుట్టాన్ని సూసి రావడానికి ఏటి బయం?"

"నవ్వులాటలొద్దు."

"అయితే నువ్వూ రా. లాగితే ఇద్దర్నీ ఒకేపాలి లాగుతాడు."

ఆమె గుడ్డలో ముడేసినట్టు భయాన్ని లోపల ముడేసుకుని వెంట నడిచింది. మొగుణ్ణి ఆ దిబ్బ మీదికి ఒంటరిగా పంపడం కంటే తానూ పోవడమే నయమనిపించింది.

చీకటి పడిందో లేదో జనం పల్చబడ్డారు. దిబ్బ సంగతి చెవినబడి కోస్టర్ దగ్గర ఒక్కరూ లేరు. బండి నడిపే గోవింద్ అనే కుర్రాడికి వీళ్ళని చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇద్దరితో తిప్పినా, చూసి నలుగురొస్తారని ఆశ. ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో ఇనపకడ్డీ దించి, పక్కన కొక్కెం బిగించాడు.

"ఇది ముట్టుకోకండి బాబూ. ఇలా తిప్పితే ఊడిపోద్ది."

"నా సేతులు సూడరా. ముళ్ళేసిన సేతులు, ముళ్ళు ఇప్పిన సేతులు. నాకు సెప్తావేటి?" అన్నాడు జోగయ్య. డబ్బా కట్టించుకుని, దొప్పలు పెట్టించుకుని రాజులా కూర్చున్నాడు.

తవిటమ్మ కొప్పుకి డబ్బా పట్టీ ఇమడలేదు. నుదుటి మీదికి నెట్టేసింది. "నా కళ్ళు నాకు సాల్లే బాబూ."

బండి కదిలింది. కిర్రు... కిర్రు... గొలుసు పైకి లాగుతోంది.

తవిటమ్మ ఒకసారి వెనక్కి తిరిగింది. వెనక సీటు ఖాళీ.

పడవలో వెనక చోటు ఎప్పుడూ తమ్ముడిదే. రాత్రిపూట ఒడ్డుకి వచ్చేటప్పుడు కెరటాల హోరులో మాట మాటకి వినబడదు. పడవ అడుగు ఇసక తగలగానే ముందున్న జోగయ్య దూకి పట్టుకోవాలి, లేకపోతే వెనకొచ్చే కెరటం పడవని తిరగేస్తుంది. కానీ ఒక్కోసారి తగిలేది ఒడ్డు కాదు, నడుమనున్న ఇసకమేట. దాటితే నిలువులోతు. అందుకని జోగయ్య మొలతాడుకి సన్నతాడు కట్టి, కొస కొండబాబు పట్టుకునేవాడు. వెనక నుంచి గెడ దించి లోతు చూసేది అతనే. ఒక్కసారి సాగదీసి లాగితే — ఒడ్డు, దూకు. రెండుసార్లు చటుక్కు చటుక్కున లాగితే — లోతుంది, దిగొద్దు.

ఎన్నేళ్ళు అలా తెచ్చి ఒప్పజెప్పాడో ఆమె మొగుణ్ణి!

"ఒసే! కెరటం సూడే! కొండంతున్నాది!" జోగయ్య అరుస్తున్నాడు. చెవులు మూసుకున్నవాళ్ళంతా అరిచే మాట్లాడతారు. "ఇదేటి సముద్రమే, కెరటం అడ్డంగా ఇరుగుతున్నాది! ఈడెవడో సముద్రం సూడనోడు సేసినాడు!"

అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడే... దీపాలన్నీ ఆరిపోయాయి.

జెయింట్ వీలు లేదు. బజ్జీల కొట్టు లేదు. దిబ్బే లేదు. జనరేటర్ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. బండి శిఖరం మీద కుదుపుతో ఆగింది — ధబ్!

పడవ అడుగు ఇసక తగిలినట్టు.

"అడుగు తగిలినాది!" అన్నాడు జోగయ్య.

తవిటమ్మ మొగుడి వైపు తిరిగింది. అన్నీ ఆగినా ఆ నల్లడబ్బా ఆగలేదు. దానికి దాని బ్యాటరీ ఉంది. దాని అంచుల్లోంచి నీలం వెలుగు జోగయ్య బుగ్గల మీద ఆడుతోంది. అతని సముద్రం నడుస్తూనే ఉంది.

"ఒడ్డొచ్చేసినాది... అదిగో ఇసక..."

"మావా! ఒడ్డు కాదు! ఆగిపోనాది బండి!"

వినబడదు. చెవుల్లో కెరటాల హోరు.

క్లిక్... కొక్కెం తిరిగింది. ముళ్ళు విప్పిన చేతులు కదా. కడ్డీ పైకి లేచింది. జోగయ్య లేచి నిలబడ్డాడు.

పక్కన ఏమీ లేదు. గాలి... దాని కింద చీకటి... దాని కింద ఎక్కడో ఇనప దూలాలు.

"గోవిందూ! ఒరే గోవిందూ!"

కింద టార్చి ఒకటి మిణుగురులా అటూ ఇటూ పరిగెత్తుతోంది. "కదలకండమ్మా! వచ్చేత్తన్నా!" అన్న కేక సన్నగా పైకొచ్చింది. వచ్చేదెప్పుడు!

లేచి పట్టుకుందామంటే ఆమె కడ్డీ ఆమెని సీటుకి నొక్కి పట్టింది. కొక్కెం ఎటు తిప్పాలో తెలీదు. డబ్బా పీకేద్దామంటే తల అందదు. అందినా... ఒక్కసారిగా ఆ లోతు చూస్తే కళ్ళు తిరిగి పడడా? అందింది లుంగీ ఒక్కటే. రెండు చేతులా పట్టుకుంది, బలం కొద్దీ లాగింది.

లుంగీ ఊడి చేతుల్లోకొచ్చింది.

నిక్కరుతో, మొలతాడుతో, జోగయ్య ఒక కాలు బయటపెట్టాడు. దూకేముందు పడవలో వంగినట్టు మోకాళ్ళు వంచాడు.

సముద్రంలో పోనివాణ్ణి, ఈ ఇనప బండి మీంచి... నా కళ్ళెదురుగా... నా చేతిలో గుడ్డ పెట్టి!

తవిటమ్మ లుంగీని గుండెలకి అదుముకుంది. అంతే చెయ్యగలిగింది.

ఠక్కున ఆగాడు జోగయ్య.

నడుం వెనక్కి కదిలింది ఒకసారి... మళ్ళీ ఒకసారి. వంగిన మోకాళ్ళు నిటారయ్యాయి. బయటి కాలు లోపలికొచ్చింది. నెమ్మదిగా, బుద్ధిగా, సీట్లో కూర్చున్నాడు.

"లోతున్నాది," అన్నాడు తనలో తాను.

తవిటమ్మ ఒక చేత్తో అతని కడ్డీని కిందికి నొక్కి, కొక్కెం బిగిసిన చప్పుడు వినేదాకా ఊపిరి తీసుకోలేదు. జనరేటర్ దగ్గింది, గుర్రుమంది. దీపాలొచ్చాయి. గోవింద్ బండిని చంటిపిల్లని దించినట్టు మెల్లగా కిందికి దించాడు.

డబ్బా విప్పగానే జోగయ్య కిందికి చూసుకున్నాడు.

"ఒసే, నా లుంగీ నీ సేతిలో ఉన్నాదేటే?"

కింద నుంచి టార్చి వెలుగులో చూసిన గోవింద్ జరిగింది చెప్పాడు. విన్న జోగయ్య మొహం ఒక్క క్షణం ఉప్పులా తెల్లబడింది. ఒక్క క్షణమే! లుంగీ చుట్టుకునేసరికి మీసం మీదికి చెయ్యి వెళ్ళింది.

"సూసినావా, జోగయ్యంటే ఏటో! మబ్బుల్లో నిలబడి కూడా తూలలేదు!" అని, గొంతు తగ్గించి పెళ్ళాం వైపు వంగాడు. "ఎంతైనా కొండబాబు అక్కవే. నువ్వు మొలతాడు లాగకపోతే దూకీసేవోణ్ణే తవిటీ. రొండుపాల్లు... సటుక్కు సటుక్కు... అచ్చం ఆడు లాగినట్టే లాగినావు."

తవిటమ్మ తన చేతుల్ని చూసుకుంది. ఆ రెండు చేతుల్లోనూ అప్పుడు లుంగీ ఉంది.

కోసుకుపోయిన గట్టు ముందు ఆగిన సైకిలు గుర్తొచ్చింది ఆమెకి.

"పద, ఈశ్వర్‌గాడికి సెప్పాలి," అంటూ జోగయ్య ముందుకి నడిచాడు.

"అమ్మా," పిలిచాడు గోవింద్, టార్చి పట్టుకుని. "ఎనక సీట్లో నీళ్ళెవరు పోసినారు?"

ఆమె వెనక్కి వచ్చింది. సీటు తడిసి ముద్దయి ఉంది. వేలు ముంచి నాలికకి రాసుకుంది. ఉప్పుమడి నీళ్ళ చేదు కాదు. సముద్రం.

గోవింద్ గుడ్డ కోసం అటు వెళ్ళాడు. తవిటమ్మ చుట్టూ చూసి, పైటకొంగు విప్పి, ఖాళీ సీటు మీదికి జారవిడిచింది. కొస తన చేతిలో పట్టుకుంది. ఒక్కసారి... సాగదీసి... లాగింది.

"తమ్ముడా," అంది ఊపిరితో. "ఒడ్డొచ్చినాదిరా. దిగు."

గాలి లేదు. కొంగు కదల్లేదు.

తర్వాత బిగిసింది. అటువైపు నుంచి —

చటుక్కున ఒకసారి.

ఇంకోసారి.