ఒక్క తిట్టు కోసం

"ఏమండీ, బయట ఎవరైనా ఉన్నారా? ఇంకెంతసేపు? ఇందులోనే ముసలాడినైపోయేలా ఉన్నాను!"

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టులోంచి వచ్చిందా కేక. బయట పానా పట్టుకుని చెమటలు కక్కుతున్న లిఫ్టు మెకానిక్ పిడుగుకి అప్పటికే ఒళ్ళు మండుతోంది. లోపల ఇరుక్కున్నవాళ్ళు ఎప్పుడూ లిఫ్టుని తిట్టరు, మెకానిక్‌నే తిడతారు.

"అరిస్తే తలుపు తెరుచుకోదండీ. కాస్త ఊపిరి పీల్చుకోండి."

"ఊపిరాడకే కదా అరుస్తున్నాను!"

"ఊపిరాడనివాళ్ళు అంత గట్టిగా అరవలేరు."

లోపల గొంతు తగ్గింది. "నిజం చెప్పనా? నాకు మూసిన గదులంటే భయం. ఎవరికీ చెప్పకండి."

ఆమెకి జాలేసింది. "ఏదైనా పాట పాడండి, భయం పోతుంది."

పాడాడు.

"ఆపండి బాబూ! మీ పాటకి లిఫ్టు కిందికి దూకేలా ఉంది."

అతను పగలబడి నవ్వాడు. "మీకు నోరెక్కువండీ. మీ ఆయనెవరో గానీ, పాపం!"

"ఇంకా దొరకలేదు లెండి. దొరికితే కబురు చేస్తాను, వచ్చి ఓదార్చి వెళ్దురుగాని."

తలుపు తెరుచుకుంది. అతను నవ్వుతూ తలెత్తాడు. ఎదురుగా ఆమె నల్లటి మొహం, రుమాలు కట్టినా ఆగక పైకి లేచిన ఉంగరాల జుట్టు. అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఓ! థాంక్యూ, మేడమ్," అన్నాడు ఒక్కో మాటా విడగొట్టి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు. "వెరీ... గుడ్... వర్క్!"

పిడుగు పానా కింద పెట్టింది. "ఇప్పటిదాకా నాతో ఏ భాషలో పోట్లాడారు?"

"తెలుగులో."

"తలుపు తెరవగానే ఆ తెలుగు ఏ గంగలో కలిసింది?"

"అబ్బే, అది కాదు... మీరు తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారు!"

"మీరూ ఫరవాలేదు. ఎక్కడ నేర్చుకున్నారేం?"

ఆమె సంచీ భుజాన వేసుకుని చరచరా మెట్లు దిగిపోయింది.

ఇది ఆమెకి రోజూ ఉన్న భాగవతమే. నాన్నది సముద్రాల అవతలి దేశం. ఆయన రంగూ జుట్టూ వచ్చాయి, అమ్మ నోరు వచ్చింది. పిడుగు అన్న పేరూ అమ్మ తిడుతూ తిడుతూ ఖాయం చేసిందే. పుట్టి, పెరిగి, తన్నులు తిని, పరీక్ష తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కిందంతా ఈ భాషలోనే. అయినా బస్సులో, బ్యాంకులో, కూరల కొట్లో అదే మెచ్చుకోలు: ఎంత బాగా మాట్లాడుతున్నావమ్మా! సొంతింట్లో అన్నం తింటుంటే, ముద్ద భలే కలుపుతున్నావని పక్కింటివాడు చప్పట్లు కొట్టినట్టుంటుంది ఆమెకి.

మరుసటి నెల సర్వీసింగుకి వెళ్ళేసరికి అతను మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు. ఆ భవనంలో కిందే అతని కళ్ళజోళ్ళ షాపు. పైన, నాలుగో అంతస్తులో ఇల్లు.

"కళ్ళజోళ్ళు అమ్ముతూ కళ్ళు కనపడకపోతే ఎలాగండీ?" అంది ఆమె.

"అందుకే ఆ షాపు పెట్టుకున్నాను. తప్పయిందండీ. ఇవాళ మొదట్నుంచీ మళ్ళీ పోట్లాడండి. ఈసారి భాష మారితే చెయ్యి చేసుకోండి."

నవ్వకూడదనుకుంది. నవ్వు ఆగలేదు.

ఆ రోజు మొదలైన పోట్లాట మరి ఆగలేదు. లిఫ్టు ఎందుకు ఆగుతుందో, టీలో పంచదార ఎంత ఉండాలో, అన్నిటికీ పేచీలే. అతనొక్కసారి కూడా ఆమె తెలుగుని మెచ్చుకోలేదు. పైగా, "నీ వాగుడుకి అంతుందా?" అనేవాడు. ఆ మాటకే ఆమె పడిపోయింది. ఒకనాటి వానలో, ఒక్క గొడుగు కింద, గొడుగెవరు పట్టుకోవాలన్న తగాదాలో ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"నువ్వు లేకపోతే నాకు పోట్లాడ్డానికి దిక్కులేదు," అన్నాడతను ఉన్నట్టుండి. "పెళ్ళి చేసుకుందాం."

"ముందు గొడుగు సరిగ్గా పట్టుకో," అంది. కానీ అతని చెయ్యి వదల్లేదు.

అసలు చిక్కు అతనింట్లో మొదలైంది. అతనమ్మ కాదనలేదు. కాదంటే ఎదురు చెప్పొచ్చు, ఏడ్చి గోల చెయ్యొచ్చు. ఆవిడ మర్యాద చేసింది!

"రండి, కూర్చోండి. టీ... తాగుతారా?" బీరువాలోంచి బంగారపు అంచు కప్పు దిగింది. "మీరు తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!"

కళ్ళజోళ్ళాయన తల పట్టుకున్నాడు. ఎదురింటి పిన్నిగారు కూడా అక్కడే ఉంది. గొంతు తగ్గించి, తెలుగులోనే, అక్కడున్నది మనిషి కాదు కుర్చీ అన్నట్టు అనేసింది: "పిల్ల మంచిదే వదినా. రేపు పుట్టబోయేవాళ్ళ రంగు మాటేమిటి?"

అతను కస్సుమని లేవబోయాడు. పిడుగు మోచేత్తో ఆపింది. ఆమె చూస్తున్నది అత్తగారు కావలసినావిడ వైపు. ఆవిడ తల దించుకుని, "ఇంకాస్త టీ పొయ్యనా అండీ?" అంది.

మెట్లు దిగుతూ పిడుగు చెప్పేసింది. "మీ అమ్మ నన్ను ఒక్కసారి మనసారా తిట్టాలి. తిట్టిన రోజే పెళ్ళి. ఈ అండీలూ రండీలూ ఉన్నంతకాలం నేను గుమ్మం బయటే ఉన్నట్టు. పెళ్ళయ్యాక కూడా జీవితాంతం చుట్టంలా బతకలేను."

"అందరూ అత్తగారు తిడుతుందని పారిపోతారు. నా ఖర్మేమిటో, నువ్వేమో ఆవిడ తిట్టలేదని పారిపోతున్నావు!"

"పారిపోవట్లేదు. అలిసిపోయాను."

ఇక ఆవిడ చేత తిట్టించడానికి వాళ్ళు పడని పాట్లు లేవు. భోజనానికి పిలిస్తే పిడుగు కావాలని రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళింది. "పర్వాలేదండీ, పనుంటుంది కదా!" గ్రీజు చేతులతో తెల్లటి కర్టెను పట్టుకుంది. "పర్వాలేదండీ, ఉతికితే పోతుంది!" గుండె రాయి చేసుకుని బంగారపు అంచు కప్పొకటి కింద పడేసింది. "పర్వాలేదండీ, కప్పే కదా!"

ఆ ముక్కలు ఎత్తబోయి కొడుకు చేతిలోని గాజు గ్లాసు జారవిడిచాడు. అంతే! "కళ్ళు నెత్తికెక్కాయిరా? ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఏడవ్వూ?" పావుగంట ఏకధాటిగా కురిసింది. పిడుగు గుడ్ల నీరు కుక్కుకుని అతనివైపు అసూయగా చూసింది.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళడం మానేసింది. అతను ఫోన్ చేస్తే, "లిఫ్టు చెడితే పిలువు, వస్తాను," అని పెట్టేసేది. ఆ ముసలి లిఫ్టు నిజంగానే చెడింది.

నాలుగో అంతస్తులో తలుపు తెరిచి, అడ్డం పెట్టి, నడుముకి బెల్టు తగిలించుకుని, ఒక కాలు అంచు మీద పెట్టి సగం మనిషి లిఫ్టు గోతిలోకి వంగి తీగలు చూస్తోంది పిడుగు. లిఫ్టు లేక మెట్లెక్కి వస్తున్న అతనమ్మ, రెండు చేతుల్లో రెండు సంచులతో, ఆయాసపడుతూ మలుపు తిరిగింది.

"ఓసి నీ దుంపతెగ!"

సంచులు చేజారాయి. ఉల్లిపాయలు మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి.

"ఏమిటే ఆ వంగడం? ఇటు రా ముందు! రమ్మంటుంటే!"

"పర్లేదండీ, బెల్టు ఉంది..."

"బెల్టూ లేదు గిల్టూ లేదు! ఆ తాడు తెగితే? బుద్ధుందా నీకు? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో! పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా? ఇన్నాళ్ళు గుమ్మం తొక్కకుండా ఉండి, ఇవాళ నా కళ్ళముందు నూతిలో పడదామని వచ్చావా? మీ అమ్మకి జవాబెవరు చెప్తారే, నువ్వా, నేనా?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. "ఎందుకు వదినా ఆయాసం? ఆ రకం మనుషులకి ఎంత చెప్పినా..."

అతనమ్మ గిర్రున అటు తిరిగింది. "ఏ రకం? నా కోడలు! నేను తిట్టుకుంటాను, మధ్యలో నీకేం నొప్పి? ఆ రోజే అనాల్సిన మాట. నోరు కుట్టుకుని కూర్చున్నాను, తప్పు నాది. పుట్టేవాళ్ళ రంగు మేం చూసుకుంటాం. నువ్వు తలుపేసుకో!"

తలుపు పడింది. పిడుగు బెల్టు విప్పుకుని మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడవసాగింది. ఆవిడ కంగారుపడి పక్కన కూర్చుంది.

"ఏమ్మా? మరీ గట్టిగా అన్నానా?"

"లేదు అత్తయ్యా. ఇంకొంచెం అనండి."

కిందికి దొర్లిన నాలుగు ఉల్లిపాయలు చేతుల్లో పట్టుకుని కళ్ళజోళ్ళాయన పరుగున పైకి వచ్చాడు. "ఏమైంది? ఎందుకేడుస్తున్నావు?"

"మీ అమ్మ నన్ను తిట్టింది!" అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ, మొహమంతా నవ్వుతో.

"అమ్మయ్య!" అతను అక్కడే గోడకి చేరగిలబడ్డాడు.

"వేషాలు చాలు. ఇద్దరూ ఆ ఉల్లిపాయలన్నీ ఏరుకుని లోపలికి రండి," అంటూ ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఇదిగో, టీ కావాలంటే ఓ గ్లాసు కడుక్కుని తెచ్చుకో. ఆ బంగారపు అంచు కప్పులు ముట్టుకున్నావంటే ఊరుకోను. అవి చుట్టాలకి."