అక్టోబరు ఎండలో మంట

ముబాంగా డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఆయన కనబడక మూడు రోజులైంది సార్. గనిలో రాగి ఎంత మిగిలిందో కొలిచి తేల్చింది ఆయనే, ఆ కాగితం ఆయన దగ్గరే ఉంది."

డిటెక్టివ్ న్సోఫ్వా వెంటనే లేచాడు. జాంబియా బతికేదే రాగి మీద. గని అడుగంటిందన్న పుకారుకే జనం ఎగబడి కొని దాచుకోవడంతో ఊళ్ళో కొట్లలో మొక్కజొన్నపిండి బస్తాలు మాయమయ్యాయి. టీచరుగా రిటైరై అతని దగ్గర అసిస్టెంటుగా చేరిన కసూబా నోటుబుక్కు పట్టుకుని వెంట నడిచింది.

ముబాంగా ఇంటి వరండాలో బొగ్గుల కుంపటి మీద టీ మరుగుతోంది. కబురేమైనా తెలిసిందేమోనని వచ్చిన గని మేనేజరు సికాజ్వే టోపీతో విసురుకుంటున్నాడు. ముంగిట్లో యూనియన్ నాయకుడు ఙాండ్వే దుంగలు పేర్చి మంట రాజేసి, పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. అతను కనబడకుండా పోయినవాడికి చిన్ననాటి స్నేహితుడు.

"కాగితం బయటపడితే మీకేం పోతుంది?" అన్నాడు న్సోఫ్వా.

"ఉద్యోగం పోతుంది. ఊరే పోతుంది. భయం నాకొక్కడికేనా?" అన్నాడు సికాజ్వే.

"మేనేజరే సార్, ఆ చెమట చూడండి," కసూబా గొణిగింది.

"ఏడాది మొత్తంలో ఎండలు మండిపోయేది ఇప్పుడే, అక్టోబరులో చెమట పట్టనివాణ్ణి చూపించు టీచరమ్మా."

న్సోఫ్వా అందర్నీ ముంగిట్లోకి పిలిచాడు. అప్పటికే ఇరుగుపొరుగు గేటు దగ్గర మూగారు.

"ఙాండ్వే, ఇంత ఎండలో మంటెందుకు?"

"టీకి సార్."

"టీ కుంపటి మీద ఉంది. మన మగాళ్ళు వాకిట్లో దుంగలు రాజేసి నేలమీద కూర్చునేది చావు జరిగిన ఇంటి ముందే. గనిలో ఎవరు పోయినా ఆ మంట వేసేది నువ్వే. ఈ ఇంటివాడు తిరిగొస్తాడని అందరూ ఎదురుచూస్తుంటే, రాడని నీకొక్కడికే తెలుసు. అలవాటుపడ్డ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి."

ఙాండ్వే తను పేర్చిన దుంగలకేసి చూశాడు. కసూబా రాయడం మరిచిపోయి న్సోఫ్వానే చూస్తోంది.

"ఆ కాగితం పేపరువాళ్ళకి ఇస్తానన్నాడు సార్. మూడువేల కుటుంబాలు రోడ్డున పడతాయి, వద్దని బతిమాలాను. వినలేదు. పాత గని గొయ్యి దగ్గర పెనుగులాడాం. నేనే లోపలికి తోసేశాను." జేబులోంచి మడత కాగితం తీసి నేలమీద పెట్టాడు.

గేటు తోసుకుని జనం లోపలికొచ్చారు. ఎవరో కాగితం లాక్కున్నారు.

"ఇంకా ఎన్ని నెలలకి సరిపడా రాగి ఉంది? చదవండి, ఎన్ని నెలలు?"

"పద్నాలుగు."

ఎవరికి వాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నారు.

"మా ఆయన్ని పైకి తీయడానికి ఎవరొస్తారు?" అని ముబాంగా అడిగింది. రెండోసారి అడిగినా ఒక్కరూ ఆమెవైపు తిరగలేదు.