నీలం జాకెట్ జిప్పు

"ముందు నన్ను ఇందులోంచి బయటికి తీయండి. తిట్లు తర్వాత తిడతాను."

తలుపు తీయగానే ఆ అమ్మాయి అన్న మొదటి మాటలవి. నవంబరు మధ్యాహ్నం. అబుదాబి అవతల ఎడారిలో ఉన్న మా రిఫైనరీ ఊరు రువైస్‌లో బయట ముప్ఫై రెండు డిగ్రీలు. ఆ ఎండలో మెడదాకా జిప్పు బిగించిన నీలం చలి జాకెట్‌తో, ముక్కు మీద చెమటతో నిలబడి ఉంది. వెనక ఆమె చెల్లెలు స్వీటీ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఆ జాకెట్ నాది. ముందురోజే వాళ్ళ నాన్న జ్ఞానరాజు గారు వచ్చి ఇంటిల్లిపాదికీ నాలుగు జాకెట్లు పట్టుకెళ్ళారు. అందులో ఇదొకటి.

"లోపలి గుడ్డ జిప్పులో ఇరుక్కుంటుందండీ. గట్టిగా లాగకూడదు" అన్నాను.

"లాగేశాను."

"తెలుస్తోంది."

"జోకులా? అవతలి బిల్డింగ్ నుంచి ఇలాగే నడిచొచ్చాను. కింద వాచ్‌మన్ 'మేడమ్, తబియత్ ఠీక్ హై?' అని అడిగాడు తెలుసా!"

నేను చెయ్యి వేస్తే బాగుండదని రెండడుగుల దూరంలో నిలబడి చెప్పాను. "ఎడమ చేత్తో గుడ్డని వెనక్కి లాగి పట్టుకోండి. జిప్పు ముందు కొంచెం పైకి. ఆ... ఇప్పుడు మెల్లగా కిందకి."

సర్రున వచ్చేసింది. ఆమె హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని, తిట్టడం మర్చిపోయి నవ్వింది. ఆ నవ్వు చూశాక నా పని అయిపోయిందని ఆ రోజే ఒప్పేసుకున్నాను. నాకు దాచుకోవడాలు రావు. చెప్పడాలు మాత్రం అంతకన్నా రావు.

ఆమె పేరు హెప్సీ. గుంటూరులో నర్సింగ్ చదివి, ఆ మార్చిలోనే అమ్మానాన్నల దగ్గరకు వచ్చి ఇక్కడి క్లినిక్‌లో చేరింది. మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో పాటలు పాడేటప్పుడు వెనక వరసలోంచి చూడటమే తప్ప, మాట కలిపింది లేదు.

ఇక జాకెట్ల సంగతి. ఈ ఎడారిలో చలి బట్టలెవరు కొంటారండీ? కానీ డిసెంబరు సెలవులొస్తే అందరికీ యూరప్ కావాలి. అందుకే మా ఫెలోషిప్‌లో పన్నెండు జాకెట్లు అందరివీ కలిపి ఒకేచోట ఉంటాయి. ఎవరు ప్రయాణమైతే వాళ్ళు తీసుకెళ్ళి, ఉతికించి తెచ్చిస్తారు. బ్రహ్మచారిని, ఇంట్లో ఖాళీ అల్మారా ఉంది కాబట్టి వాటికి కాపలా నేను. జేబుల్లో దొరికినవి పారేయకుండా మళ్ళీ జేబుల్లోనే పెట్టడం మావాళ్ళ అలవాటు. ప్రాగ్ ట్రామ్ టికెట్టు, స్విస్ చాక్లెట్ కాగితం, వియన్నా చర్చిలో వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్క. నాకు తెలిసిన యూరప్ మొత్తం ఆ జేబుల్లోదే.

నీలం జాకెట్ నేను 2020 జనవరిలో కొన్నాను, ఏప్రిల్‌లో పారిస్ వెళ్దామని. తర్వాత ఏమైందో లోకానికంతా తెలుసు. ఆ పైన ప్రతి డిసెంబరూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళకి సెలవు, నాకు డ్యూటీ. నా జాకెట్ నాలుగుసార్లు యూరప్ చూసింది. నేను రువైస్ నుంచి అబుదాబి, అబుదాబి నుంచి రువైస్.

హెప్సీ రెండు రోజులకి మళ్ళీ వచ్చింది.

"స్వీటీకి సైజు సరిపోలేదు. మార్చండి."

మార్చాను. నాలుగు రోజులకి మళ్ళీ.

"మమ్మీకి రంగు నచ్చలేదు."

"నాది తిరిగిస్తారా మరి? జిప్పు బాగాలేదు కదా."

"ఎందుకూ, నాకు జిప్పు వచ్చేసిందిగా! అయినా బ్లెస్సన్ గారూ, వెళ్ళకుండానే గైడులా చెప్తారట. బ్రూజ్‌లో ఏం చూడాలి?"

"కాలువ పక్కన వాఫుల్ కొట్టు. కాగితం ఆకుపచ్చ జాకెట్ జేబులో ఉంది."

ఆమె ఆ జేబులో చెయ్యి పెట్టి కాగితం తీసి, వాసన చూసి, "నిజమే, ఇంకా తియ్యగా ఉంది" అంది. ఏ మాటకామాట, ఆ కాగితానికి రెండేళ్ళు.

ప్రయాణం డిసెంబరు ఇరవై. దానికి వారం ముందు స్వీటీ వచ్చి చల్లగా చెప్పేసింది. "అన్నయ్యా, ఇది మామూలు ట్రిప్ కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అక్కకి ఒక అబ్బాయి. ఇరవై ఎనిమిదిన వాళ్ళింట్లో భోజనం. కుదిరితే న్యూ ఇయర్ ఆరాధనలో అనౌన్స్ చేసేస్తారట."

జ్ఞానరాజు గారికి మార్చితో సర్వీసు అయిపోతుంది. పెద్దమ్మాయి పెళ్ళి కుదిర్చేసి నరసాపురం వెళ్ళిపోవాలని ఆయన ఆరాటం. ఆ మనిషికి అన్నీ ప్లానే. పది రోజుల ట్రిప్‌కి ఎక్సెల్ షీట్ వేశారు. 'ఉదయం 8:10 ఐఫిల్ టవర్. 8:50 ఫోటోలు ఖలాస్.' అందులో ఫ్రాంక్‌ఫర్ట్ గడికి పసుపు రంగు వేశారని కూడా స్వీటీయే చెప్పింది.

ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా. బయలుదేరే ముందురోజు హెప్సీయే వచ్చింది, గ్లౌజుల కోసమట.

"మీకు ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి తెలుసా?" అంది.

"స్వీటీ చెప్పింది."

"మీరేమంటారు?"

చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల గోల. నోరు మాత్రం దాని దారిన అది పోయింది.

"ఫ్రాంక్‌ఫర్ట్... బాగుంటుందట. అక్కడి ట్రామ్ టికెట్టు నా దగ్గర లేదు."

"సరే. తెచ్చిపెడతాను లెండి" అని గ్లౌజులు మర్చిపోయి వెళ్ళిపోయింది. ఛీ, నా బతుకు!

వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచి నాకు ఫోనే ప్రాణం. నేను పనిచేసే రిఫైనరీ ప్లాంటు లోపలికి మొబైల్ తీసుకెళ్ళనివ్వరు. ఎనిమిది గంటలు దాన్ని లాకర్లో పెట్టి లోపల గడపాలి. బయటికొచ్చి చూస్తే స్వీటీ పంపిన ఫోటోలు ఉండేవి. పారిస్‌లో హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టగానే ఫ్లోర్ మొత్తం కరెంటు పోయిందట. హెప్సీ వాళ్ళమ్మ దయాకుమారి ఆంటీ ఐఫిల్ టవర్ కింద పులిహోర పొట్లాలు విప్పారట. బ్రస్సెల్స్‌లో వాన, బ్రూజ్‌లో వాన. హెప్సీ మాత్రం అప్పుడప్పుడు రెండు ముక్కలు రాసి పెట్టేది.

'వాఫుల్ కొట్టు దొరికింది. మీ పేరు చెప్పాను, డిస్కౌంట్ ఇవ్వలేదు.'

నేను నవ్వే బొమ్మ పెట్టేవాణ్ణి. ఏదో ఒకటి రాయడం, చెరిపేయడం, మళ్ళీ నవ్వే బొమ్మ. క్రిస్మస్ రోజు నీలం జాకెట్‌లో ఆమె ఫోటో వచ్చింది. దాన్ని ఎన్నిసార్లు చూశానో చెప్తే మీరు నవ్వుతారు.

ఇరవై ఎనిమిది రానే వచ్చింది. నాలుగింటికి డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కాను. పక్కన చాంద్ బాషా. కడప మనిషి, నా షిఫ్టే. ఫోన్ ఆన్ చేయగానే వీడియో కాల్ మోగింది. హెప్సీ!

తెర మీద ఆమె మొహం కందిపోయి ఉంది. మెడదాకా నీలం జాకెట్. వెనక పెద్ద హాలు, బల్ల నిండా వంటలు, సోఫాలో కోటు వేసుకున్న ఓ కుర్రాడు, అతని పక్కన జ్ఞానరాజు గారు కేకు తింటున్నారు. దయాకుమారి ఆంటీ జిప్పు పట్టుకుని కుస్తీ పడుతున్నారు.

"బ్లెస్సన్ గారూ, జిప్పు ఇరుక్కుపోయింది. అరగంట నుంచి రావట్లేదు. ఇక్కడ హీటరు."

కుర్రాడి తల్లి కాబోలు, కత్తెర పట్టుకుని వచ్చింది. "కోసేద్దామా అమ్మా? అబ్బాయి ఇంకోటి కొంటాడులే."

"కత్తెర వద్దు!" నేను బస్సు అదిరేలా అరిచాను. అందరూ వెనక్కి తిరిగారు.

హెప్సీ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "అయితే నన్నేం చేయమంటారో మీరే చెప్పండి."

ఎంత దగ్గరగా చూస్తోందో! నేను వెధవని. శ్రద్ధగా, పాఠం చెప్పినట్టు చెప్పాను. "ఎడమ చేత్తో గుడ్డ వెనక్కి లాగండి. జిప్పు ముందు పైకి. ఇప్పుడు కిందకి."

రెండు సెకన్లలో వచ్చేసింది. ఆంటీ "స్తోత్రం!" అన్నారు. హెప్సీ మాత్రం నవ్వలేదు.

"థాంక్సండీ. చాలా బాగా చెప్పారు" అని కాల్ కట్ చేసింది.

బస్సు కదిలింది. చాంద్ బాషా నా వైపు తిరిగి అడిగాడు. "ఏమప్పా, ఆ పాప పోయి ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది రోజులు."

"ఈ ఎనిమిది రోజులూ ఆ జాకెట్ యెట్ల తీసినట్లు? దాంట్లోనే పండుకుండిందా?"

ఫోన్లో ఫోటోలు వెతికాను. ఐఫిల్ టవర్ దగ్గర, జాకెట్ తెరిచి ఉంది. బ్రూజ్‌లో చేతి మీద వేసుకుంది. కొలోన్ చర్చిలో మళ్ళీ తెరిచి ఉంది. జిప్పు ఆమెకి నవంబరులోనే వచ్చేసింది. 'నాకు జిప్పు వచ్చేసిందిగా' అని నా గుమ్మంలోనే చెప్పింది కూడా.

ఆమె నన్ను అడిగింది జిప్పు గురించి కాదు. పెళ్ళివారి ఎదురుగా, అందరూ చూస్తుండగా, నాకు చివరి అవకాశం ఇచ్చింది. నేనేమో ఆమెను జాకెట్లోంచి చక్కగా బయటికి తీసి వాళ్ళకి అప్పజెప్పాను.

"నీకు బుర్ర ఉందా అప్పా?" అన్నాడు చాంద్ బాషా. లేదని ఒప్పుకున్నాను.

మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు లేదు. కాల్ చేస్తే ఎత్తలేదు. ఆ రెండు రోజులూ తిండి లేదు, కూర్చుంటే కూర్చోలేను, నిలబడితే నిలబడలేను. స్వీటీని ఫ్లైట్ టైమ్ అడిగి, ముదీర్ని, అదే మా మేనేజర్ని, సెలవడిగితే 'ముమ్‌కిన్ నహీ' అన్నాడు. చాంద్ బాషానే నా బదులు డ్యూటీ చేస్తానని, తన ఏడు సీట్ల బండి తాళాలు చేతిలో పెట్టాడు. "యల్లా, పో. ఈసారి జిప్పు గురించి మాట్లాడితే తిరిగి రావద్దు."

ముప్ఫైన తెల్లారగానే బయలుదేరి రెండు వందల నలభై కిలోమీటర్లు తోలాను. దారి పొడవునా ఏం చెప్పాలో పైకే అనుకుంటూ వచ్చాను. ఎయిర్‌పోర్టులో బయటికొచ్చే తలుపు ఎదురుగా నిలబడేసరికి ఒక్క ముక్క గుర్తులేదు.

ముందు జ్ఞానరాజు గారు, ట్రాలీ మీద జాకెట్ల సంచితో. తర్వాత ఆంటీ, స్వీటీ. చివర్న హెప్సీ. ఆమె ఒంటి మీద ఇంకా నీలం జాకెట్.

"వందనాలు అంకుల్."

"వందనాలు బాబూ. ఏంటిది, జాకెట్ల కోసం ఇంత దూరం వచ్చేశావా? మేమేమన్నా ఎత్తుకుపోతామా?"

"జాకెట్ల కోసం కాదంకుల్."

"మరి?"

హెప్సీ ఎటో చూస్తోంది. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నన్ను నేనే క్షమించుకోనని తెలుసు.

"హెప్సీ కోసం వచ్చానంకుల్. నాకు తనంటే చాలా ఇష్టం. తను వెళ్ళేముందే చెప్పాల్సింది, భయపడ్డాను. మొన్న ఫోన్లో అడిగినప్పుడైనా చెప్పాల్సింది, అప్పుడూ అర్థం చేసుకోలేదు. తనని నాకిచ్చి పెళ్ళి చేయండి. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళకి మాట ఇచ్చేసి ఉంటే నన్ను తిట్టండి, కానీ చెప్పకుండా మాత్రం వెనక్కి వెళ్ళలేను."

"ప్రభువా!" అని ఆంటీ బ్యాగు కింద పెట్టేశారు.

జ్ఞానరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వాళ్ళకి, ప్రార్థన చేసి చెప్తామని చెప్పి వచ్చామయ్యా."

నా ప్రాణం లేచొచ్చింది. మావాళ్ళలో ఆ మాటకి అర్థం పిల్లలకి కూడా తెలుసు. కుదిరే సంబంధానికి ఎవరూ అలా అనరు.

"ఐఫిల్ టవర్ సెక్యూరిటీ దగ్గర, మ్యూజియం దగ్గర, నా కళ్ళ ముందే టక్కున తీసింది ఆ జిప్పు" అన్నారాయన. "అలాంటిది వాళ్ళింట్లో అరగంట రాలేదు. రిఫైనరీలో ముప్ఫై ఏళ్ళు చేశాను. వాల్వు ఇరుక్కుందో, ఎవరైనా ఇరికించారో నాకు తెలీదా? కేకు తింటూ చూస్తున్నాను, నువ్వేమంటావో అని. నువ్వేమో మా అమ్మాయికి జిప్పు తీయడం నేర్పావు!"

స్వీటీ పకపకా నవ్వింది. హెప్సీ మొహం ఎర్రబడింది. "డాడీ!"

"ఏంటి డాడీ? సరే, సామాన్లు ఎక్కించు బాబూ. అన్నట్టు దారిలో మీ నాన్నగారి నంబరు చెప్పు. న్యూ ఇయర్ ఆరాధనకి ఇంకా ఒక రోజుంది."

సామాన్లు ఎక్కిస్తుంటే హెప్సీ పక్కకొచ్చి నిలబడింది.

"నా ఫ్రాంక్‌ఫర్ట్ ట్రామ్ టికెట్టు తెచ్చారా?" అన్నాను, ఇంకేం మాట్లాడాలో తోచక.

"లేదు. అక్కడ ట్రామ్ ఎక్కబుద్ధి కాలేదు. మీరే తీసుకెళ్ళి ఎక్కించండి."

"వచ్చే డిసెంబరా?"

"డిసెంబరుదాకా ఆగగలరా మీరు?"

ఆగలేనని ఇద్దరికీ తెలుసు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆమె నుదుటి మీద చెమట.

"ఎండగా ఉంది, జాకెట్ తీసేయండి" అన్నాను.

హెప్సీ జిప్పు పట్టుకుని ఒకసారి లాగినట్టు చేసి, నా కళ్ళలోకి చూసింది.

"రావట్లేదండీ. ఇరుక్కుపోయింది."

ఈసారి నేనేమీ నేర్పలేదు.

"ఉండనివ్వండి. నా జాకెట్టేగా" అన్నాను.