కిటికీ కింద పూలమడి

లోన్ పాస్ అయిందని బ్యాంకు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఎవరిదో తోటలో, సన్నటి వానలో, చాపలా చుట్టిన పచ్చగడ్డిని భుజాన వేసుకుని నిలబడి ఉన్నాను.

గడ్డి చుట్టని కింద పడేసి, మట్టి చేతులతోనే మా ఆవిడకి ఫోన్ చేశాను. అప్పటికి పెళ్ళయి నాలుగు నెలలే. ‘మా ఆవిడ’ అని రాస్తుంటే నాకింకా కొత్త చొక్కా తొడుక్కున్నట్టే ఉంటుంది.

తను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు.

"చెప్పు," అంది గుసగుసగా.

"వచ్చేసింది!"

"వానా? ఇక్కడా వచ్చేసింది."

"వాన కాదే, లోన్!"

అవతల ఒక కేక. వెంటనే డాక్టరుగారి దగ్గు. ఆ కేక విని లోపల నోరు తెరిచి కూర్చున్న పేషెంటు కుర్చీ దిగబోయాడని సాయంత్రం నవ్వుతూ చెప్పింది.

మా ప్లాను చిన్నదే. రెండంతస్తుల పాత ఇల్లు కొనాలి. పైన మేం ఉంటాం, కింద అద్దెకిస్తాం. కింద వచ్చే అద్దె బ్యాంకు వాయిదాకి సరిపోతుంది. బాటనీలో డిగ్రీ చేసి, ఏడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ ముందు తోటలు వేస్తూ నేను గమనించింది ఒకటుంది. వాకిలి పచ్చగా ఉంటే టు-లెట్ బోర్డు వారం తిరక్కుండా దిగిపోతుంది. ఇన్నాళ్ళూ ఆ సోకులన్నీ పరాయి ఇళ్ళకే చేశాను. ఈసారి మా ఇంటికి.

అసలు తను నాకు దొరికింది కూడా మొక్క వల్లే. క్లినిక్ ముందు నేను పెట్టిన క్రోటన్ ఎందుకో వడలిపోతోంది. ఓ రోజు కాపు కాశాను. ఒకమ్మాయి వచ్చి, కప్పులో మిగిలిన కాఫీ కుండీలో వంపేసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి తిరిగింది.

"ఏమండీ! మొక్కకి కాఫీ అలవాటు చేస్తున్నారా?"

"పాపం, కునికిపాట్లు పడుతుంటేనూ..."

"కునికిపాట్లు కాదండీ, చచ్చిపోతోంది!"

"అంత ప్రేముంటే రోజూ వచ్చి చూసుకోండి, తోటమాలిగారూ."

వారానికోసారి వెళ్ళాల్సిన పనికి రోజూ వెళ్ళాను. క్రోటన్ కోలుకుంది. నేను కోలుకోలేదు.

ఇల్లు చూడ్డానికి మామయ్యగారు వచ్చారు. ముప్పై ఏళ్ళు తాపీమేస్త్రీగా చేసిన మనిషి. గోడల మీద వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి విని, "గోడలు గట్టివే," అన్నారు. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "ముందు లోపలి పనులు చూసుకో అల్లుడూ. పూలదేముంది, ఎప్పుడైనా పూస్తాయి," అన్నారు.

అది నాకు ఎక్కడో గుచ్చుకుంది. తోటపని చేసేవాడికి పిల్లనివ్వడానికి ఆయన ఏడాది ఆలోచించారు మరి.

అందుకే ఇల్లు కొని పై అంతస్తులో చేరాక, మొదటి నెలంతా వాకిట్లోనే గడిపాను. కింది భాగం ముందు గోడని ఆనుకుని, కిటికీ కింద మోకాలెత్తున ఇటుకలు పేర్చి, మంచి నల్లమట్టి నింపి, కంపోస్టు కలిపి పూలమడి కట్టాను. మధ్యలో మల్లెతీగ. ఆ మల్లె అద్దెకొచ్చేవాళ్ళ కోసం కాదు. అది పైకి పాకి మా కిటికీ అందుకోవాలి. పెళ్ళయిన కొత్తలో తను ఓ మాటంది: "కిటికీ తీస్తే ఎప్పుడూ పక్కింటి గోడే. పువ్వు కనబడే ఇంట్లో నేనెప్పుడూ లేను తెలుసా?"

పొద్దున్నా సాయంత్రం మడికి నీళ్ళు పెట్టాను. ఫొటోలు తీసి బ్రోకరుకి పంపాను. ఆ తర్వాత ముసురు పట్టింది. ఒక వారం, రెండు వారాలు. ఆకాశం మా ఇంటి మీదే కూర్చున్నట్టు ఉండేది.

ఫొటోలు చూసి జనం వచ్చారు. వాకిలి చూపించడం నా వంతు, లోపల చూపించడం తన వంతు. నా బూట్లకి ఎప్పుడూ బురదేనని గడప దాటనిచ్చేది కాదు. గేటు దగ్గర అందరి మొహాలూ వెలిగేవి. లోపలికెళ్ళిన రెండు నిమిషాలకి ఆ మొహాలే ముడుచుకుని బయటికొచ్చేవి.

"చెబుతామండీ," అన్నారు టీచరు దంపతులు. చెప్పలేదు.

"ఇంట్లోవాళ్ళని అడిగి చెబుతా," అన్నాడు టైలరు. ఆయనా చెప్పలేదు.

ఆఖర్న ఒక రిటైర్డ్ నర్సమ్మ వచ్చింది. మల్లె ముందు చాలాసేపు నిలబడింది. నాకు ఆశ పుట్టింది. లోపలి నుంచి వచ్చేటప్పుడు మాత్రం మా ఆవిడ చెవిలో ఏదో చెప్పి, నా వంక జాలిగా చూసి వెళ్ళిపోయింది.

"ఏమంది?"

"ఏం లేదు. మొక్కలు బాగున్నాయంది."

తన మొహంలో నవ్వు లేదు. నా మీద నమ్మకం పోయిందనుకున్నాను.

రెండు వాయిదాలు ఎలాగో గట్టెక్కించాం. మూడోది కష్టమని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. అప్పుడే నా పాత కాంట్రాక్టరు దూరాన ఒక కొండమీది రిసార్టులో పనుందన్నాడు. రెండేళ్ళు అక్కడే ఉండాలి, ఫ్యామిలీని తీసుకెళ్ళడానికి లేదు. నేను తనకి చెప్పలేదు. "వచ్చేట్టే ఉన్నాను, సోమవారం ఖాయం చేస్తా," అన్నాను కాంట్రాక్టరుతో.

ఆదివారం మధ్యాహ్నం నేను స్నానానికెళ్ళినప్పుడు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. మా ఆవిడ తీసింది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మంచం మీద నా స్వెట్టరు మడత పెట్టి ఉంది.

"అక్కడ చలెక్కువట," అంది. "మందపాటివి సర్దమన్నాడు మీ కాంట్రాక్టరు. సర్దుతున్నాను."

"చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడు? బస్సెక్కాకా?"

"అద్దెకి ఎవరూ రావట్లేదు కదా! ఇంకేం చెయ్యమంటావు?"

"నాతో మాట్లాడమంటాను! కాపురం చేస్తున్నది కుండీలో క్రోటన్‌తోనా?"

మామూలు రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళం. తను కిటికీ వైపు తిరిగిపోయింది. బయట వాన. రెండంగుళాలు పెరిగిన మల్లె ఆ వానలో తల వంచుకుని ఉంది.

నేను కిందికి దిగాను. ఇల్లు కొన్నాక మొదటిసారి, బూట్లు విప్పి ఆ ఖాళీ భాగంలోకి అడుగుపెట్టాను. గుప్పున ముక్కిపోయిన వాసన. ముందు గదిలో పాత ఓనరు వదిలేసిన చెక్క బీరువా ఉండాల్సిన మూలన లేదు. ముందు గోడకి, కిటికీ కింద అడ్డంగా ఉంది. పక్కకి లాగాను.

గోడ మీద నల్లటి చెమ్మ. సున్నం పెచ్చులూడింది. నేల నుంచి సరిగ్గా నా మోకాలంత ఎత్తు.

గోడకి అవతల ఏముందో ఎవరూ చెప్పక్కర్లేదు. గోడకి ఆనించి మట్టి పోసింది నేను. దానికి రెండు పూటలా నీళ్ళు పెట్టింది నేను. ఆ పైన వాన. మొక్క వేరు కుళ్ళితే ఆకు చూసి చెప్పగల నేను, నా ఇంటి గోడని కుళ్ళబెట్టుకున్నాను.

అక్కడే నేల మీద కూలబడ్డాను.

"చూసేశావా?" గుమ్మంలో తను.

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేను రోజులు. బీరువా నేనే జరిపాను. నడుం పట్టేసింది కూడా."

"ఎందుకు చెప్పలేదు?"

తను వచ్చి పక్కన కూర్చుంది. "ఆ మల్లె ఎవరి కోసం పెట్టావో నాకు తెలీదా? రోజూ దాన్ని చూసి మురిసిపోతుంటే, అది తీసెయ్యాలని ఏ నోటితో చెప్పను?" "నర్సమ్మకి బీరువా చూడగానే తెలిసిపోయింది. ‘గాయాన్ని దాస్తే మానదమ్మా. మీ ఆయనకి చెప్పు. వచ్చే నెల దాకా ఆగుతాను,’ అంది. చెప్పలేకపోయాను."

"అందుకని నన్ను రెండేళ్ళు పంపించేస్తావా?"

"పంపడమా! నువ్వే చెప్పకుండా..." అని నా భుజం మీద ఒక్కటిచ్చి, అక్కడే తల ఆనించి ఏడ్చేసింది. ఇంత దిగుల్లోనూ, తన జడ నా మెడకి తగులుతుంటే హాయిగా అనిపించింది. సిగ్గులేని మనసు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. "నాన్నా, ఒకసారి రా. గోడకి బాగోలేదు."

మామయ్యగారు గొడుగుతో, మోకాళ్ళ దాకా తడిసి వచ్చారు. గోడ మీద అరచెయ్యి పెట్టారు. బయటికెళ్ళి మడి చూశారు. మళ్ళీ లోపలికొచ్చారు. నేను తల దించుకున్నాను.

"కొత్తగోడకి వారం పది రోజులు నీళ్ళు కొడితే చాలయ్యా," అన్నారు. "నువ్వు పాతగోడకి రెణ్ణెల్లు కొట్టావు. నా దగ్గర పని చేసినవాళ్ళెవరూ ఇంత శ్రద్ధగా కొట్టలేదు."

మా ఆవిడ కిసుక్కుమంది.

"తప్పయిపోయింది మామయ్యగారూ. తోటోణ్ణి, గోడల సంగతి..."

"ఆగు. మట్టి తీసేస్తే గోడ ఆరుతుంది. అరిగినచోట సిమెంటు నేను పూస్తా. కానీ వాన నీళ్ళు మళ్ళీ గోడ వైపు రాకుండా వాకిలి వాలు మార్చాలి. అది నాకు రాదు. నీకొచ్చా?"

"వచ్చు." ఏడేళ్ళుగా నేను చేస్తున్నదే అది. "గోడ నుంచి వీధి వైపు వాలు పెట్టి, మధ్యలో కాలవ తవ్వి కంకర పోస్తాను."

"మరింకేం? తోటోడు తోటోడంటావు. ఆ పని తోటోడే చెయ్యాలి." నా వీపు తట్టారు. పెళ్ళిలో కూడా అంత గట్టిగా తట్టలేదు.

"మరి మల్లె?" అడిగింది మా ఆవిడ, చిన్నపిల్లలా.

"చావదు. గోడకి దూరంగా గేటు పక్కన పెట్టి, తీగని తాడు మీద మన కిటికీకి పాకిస్తా. కొంచెం ఆలస్యమవుతుంది."

"అవనీ. నేనెక్కడికీ పోవట్లేదు," అని, స్వెట్టరు గుర్తొచ్చినట్టు నా వైపు చూసింది. "నువ్వు?"

"నేనూ పోవట్లేదు."

బయట వాన ఆగలేదు. ఆగే సూచనా లేదు. మా ఆవిడ లేచి, డాక్టరుగారి పేషెంట్లకి టైములిచ్చే గొంతుతో చెప్పింది:

"రేపు ఆరింటికి మల్లెని తవ్వేది నేను. మట్టి ఎత్తేది నువ్వు. ఇటుకలు నాన్న. ఎనిమిదింటికి నర్సమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబుతాను. తొమ్మిదింటికి మీ కాంట్రాక్టరుకి కూడా నేనే చేస్తాను."

"ఏమని?"

"మా తోటమాలికి ఇక్కడ పనుందని."